పుట్టి లెక్క పుట్టీలో పడితే: ఒక కాటా, ఒక వైరు, నూటయాభై ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ రూములో లైట్లు పెట్టుకుని తీసింది కాదు, మా సంగంలో తీశాం. వెనకాల వినిపించే హారన్లు నెల్లూరు–ముంబై రోడ్డువి. ఎడిటింగ్‌లో తీసేద్దామని చూశా, పోలేదు. అలవాటు చేసుకోండి.

ముందు ఊరు గురించి రెండు ముక్కలు. నెల్లూరు నుంచి సుమారు 30 కిలోమీటర్లు. పెన్నలో బీరాపేరు వాగు కలిసే చోటు కాబట్టి సంగం. 1880ల్లో బ్రిటిష్ వాళ్లు ఇక్కడ పెన్నకి అడ్డంగా ఆనకట్ట కట్టారు. దాని బదులు 85 గేట్లతో కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబర్ 6న మొదలైంది. నీళ్లున్నాయి కాబట్టి వరి, వరి ఉంది కాబట్టి లారీలు, లారీలున్నాయి కాబట్టి కాటాలు. లారీని లారీగానే ఎక్కించి తూచే వేబ్రిడ్జిని మా వైపు కాటా అనే అంటాం. మా మామకి రోడ్డు పక్కన అలాంటిదొకటి ఉంది.

ఇంకొక మాట కూడా ఇప్పుడే చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. మా జిల్లాలో ధాన్యాన్ని క్వింటాళ్లలో చెప్తే రైతు మనసులోనే దాన్ని మార్చుకుంటాడు. ఇక్కడ లెక్క పుట్టి. ఒక పుట్టి అంటే 850 కిలోలు. ఎకరాకి ఎన్ని పుట్లు, పుట్టి ఎంతకి పోయింది, కూతురి పెళ్లికి ఎన్ని పుట్లు అమ్మాలి, అన్నీ అందులోనే.

నేను బీటెక్ చేసి ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ని. సర్వర్ లాగ్‌లు చూడటమే నా ఉద్యోగంలో సగం. అయినా నా సొంత మామ కాటా రూములో, రంగు వెలిసిన డబ్బాలోంచి కంప్యూటర్‌లోకి పోయే తొమ్మిది పిన్నుల వైరుని చిన్నప్పటి నుంచి చూస్తూ, అందులో ఏం పోతోందని ఒక్కసారి కూడా అడగలేదు. మొన్న మార్చిలో కోతలప్పుడు అడిగాను. అడగడంతో ఆగలేదు, విన్నాను. విన్నదాని వల్ల ఒక చిన్న గొడవ అయింది. అది చివర్లో. ముందు ఆ వైరు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

దానికి సీరియల్ పోర్టు అని పేరు. సీరియల్ అంటే టీవీ సీరియలే అనుకోండి, తప్పేం లేదు. కథంతా ఒకేసారి చెప్పరు, ఒక ముక్క తర్వాత ఒక ముక్క. ఈ వైరులో కూడా అంతే. కాటా మీద 16,450 కిలోలున్నాయని చెప్పాలంటే ఒక్కో అంకెని, ఆ అంకెలో ఒక్కో బిట్‌ని వరసలో నిలబెట్టి ఒకే దారం మీద పంపిస్తుంది. పంపే దారం ఒకటి, వినే దారం ఒకటి, ఇద్దరికీ ఉమ్మడిగా గ్రౌండ్ ఒకటి. మొత్తం మూడు దారాలతో పని అయిపోతుంది. మిగతా ఆరు పిన్నులు చాలా చోట్ల ఊరికే ఉంటాయి.

ఈ పద్ధతి కంప్యూటర్లకంటే చాలా పాతది. ఫ్రాన్స్ తంతి శాఖలో ఎమిల్ బోడో అనే ఉద్యోగి ఉండేవాడు. 1874లో ఆయన ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మోర్స్ కోడ్‌లో ఒక అక్షరం పొట్టిగా, ఇంకో అక్షరం పొడుగ్గా ఉంటుంది, అది చెవికి బాగుంటుంది గానీ మెషీన్‌కి చిరాకు. బోడో ప్రతి అక్షరానికీ సరిగ్గా ఐదు గుర్తులే ఇచ్చాడు. ఉందా లేదా, ఉందా లేదా, అలా ఐదుసార్లు. సీరియల్ పోర్టు సెట్టింగుల్లో ఇవాళ్టికీ కనిపించే 'బాడ్ రేట్'లో బాడ్ ఈయన పేరే. మా కాటాలో అది 2400. అంటే సెకనుకి 2400 బిట్లు.

సరే, బిట్లు వరసగా వస్తున్నాయి. ఒక అక్షరం ఎక్కడ మొదలైందో వినేవాడికి ఎలా తెలుస్తుంది? టెలిప్రింటర్ తయారుచేసిన వాళ్లు తలలు బద్దలుకొట్టుకున్న ప్రశ్న ఇది. రెండు ఊళ్లలో రెండు మెషీన్లు ఒకే వేగంతో తిరగాలి, కొంచెం తేడా వచ్చినా అక్షరాలన్నీ కలగాపులగం అయిపోతాయి. చికాగోలో క్రమ్ అనే తండ్రీకొడుకులు 1910ల నాటికి దీనికి దారి చూపించారు. ప్రతి అక్షరానికి ముందు 'మొదలు' అని ఒక బిట్, చివర 'అయిపోయింది' అని ఒక బిట్. రెండు గడియారాలు రోజంతా కలిసి నడవక్కర్లేదు, ఒక్క అక్షరం దాటేంతసేపు కలిసుంటే చాలు.

ఇది మాకు కొత్తేం కాదనిపిస్తుంది నాకు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మా తాత మొదటి కుంచాన్ని 'ఒకటి' అనేవాడు కాదు. 'లాభం' అనేవాడు. లాభం, రెండు, మూడు, అలా పోయేది. ఏడు అనడం కూడా ఉండేది కాదు, ఏడుపు గుర్తొస్తుందని 'ఆరున్నొకటి' అనేవాళ్లు. లాభం అన్న మాట వినపడితే గట్టు మీద పరధ్యానంగా కూర్చున్న మనిషి కూడా గబుక్కున తల తిప్పి లెక్కపెట్టడం మొదలుపెడతాడు. స్టార్ట్ బిట్ చేసే పని సరిగ్గా అదే.

ఇంకొక చిన్న వింత. సీరియల్ వైరులో ఎవరూ ఏమీ పంపనప్పుడు ఉండేది సున్నా కాదు, ఒకటి. ఎందుకంటే పాత తంతి లైన్లలో ఖాళీగా ఉన్నప్పుడు కూడా కరెంటు పారుతూ ఉండేది. కరెంటు ఆగిపోతే లైను తెగిందని అర్థం. అవతలివాడు ఊరుకున్నాడా, దారి మధ్యలో ఎవడో వైరు కోసుకుపోయాడా అన్నది ఇలా తెలిసేది. ఆ అలవాటు ఇవాళ్టి మా కాటా వైరులో కూడా అలాగే ఉంది. మనిషి మర్చిపోయినా వైరు మర్చిపోలేదు.

1960లో అమెరికాలో ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం దీనికి ఒక ప్రమాణం రాసింది, అదే ఆర్ఎస్-232. కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య ఎన్ని ఓల్టులుండాలి, ఏ పిన్ను దేనికి, అన్నీ అందులో ఉంటాయి. 1969లో దాన్ని సవరించారు, చాలా ఏళ్లు నడిచింది ఆ సవరించినదే. మన దగ్గర కూడా అదే కాలంలో పనులు జరుగుతున్నాయి. 1960లోనే మద్రాసు గిండీలో హిందుస్థాన్ టెలిప్రింటర్స్ మొదలైంది, ఇటలీ ఒలివెట్టి సాయంతో. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. రెండేళ్లకే, 1969లో, టీడీసీ-12 అనే కంప్యూటర్ చేసింది. ఈసీఐఎల్ బస్టాపులో బస్సు కోసం నిలబడ్డ వాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? నేనే నాలుగేళ్లు అక్కడ నిలబడ్డాను, నాకు తెలీదు.

ఆ రోజుల్లో బిట్లని వరసలో పెట్టి పంపే పని చేయడానికి ఒక బోర్డు నిండా విడిభాగాలు కావాల్సి వచ్చేది. డెక్ కంపెనీలో గోర్డన్ బెల్ పీడీపీ-1 కంప్యూటర్ కోసం ఈ సర్క్యూట్ డిజైన్ చేశాడు. 1970ల మొదట్లో వెస్టర్న్ డిజిటల్ దాన్ని ఒక్క చిప్పులోకి కుదించింది. దాని పేరు యూఆర్ట్. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి సీరియల్ పోర్టు పెట్టినప్పుడు వాడింది కూడా అదే రకం చిప్పే, నంబరు 8250. మనకి తెలిసిన తొమ్మిది పిన్నుల పోర్టు 1984లో ఐబీఎం పీసీ-ఏటీతో వచ్చింది. ఈ 1984ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

1996లో యూఎస్‌బీ వచ్చింది, మెల్లగా లాప్‌టాప్‌ల నుంచి సీరియల్ పోర్టు మాయమైంది. మాయమైంది లాప్‌టాప్‌ల నుంచే. పాలకేంద్రంలో వెన్న శాతం చూసే మెషీన్, ఆస్పత్రి ల్యాబులో రక్తం పరీక్ష మెషీన్, బిల్లు ప్రింటర్, కాటా, వీటిలో చాలావాటి వెనకాల అది ఇంకా ఉంది. మనం చూడం, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఈ మెషీన్లన్నిటికీ ఒక గుణం ఉంది. చెప్పింది మళ్లీ చెప్పవు. వాట్సాప్ మెసేజ్ అయితే పైకి స్క్రోల్ చేస్తే దొరుకుతుంది. సీరియల్ పోర్టులో బిట్టు వచ్చింది, వెళ్లిపోయింది. అవతలి చివర ఎవరూ రాసుకోకపోతే అది లేనట్టే. పాత టెలిప్రింటర్‌లో ఈ ఇబ్బంది ఉండేది కాదు, వచ్చిందంతా కాగితం చుట్ట మీద పడిపోయేది. ఆ కాగితమే లాగ్. తెర వచ్చాక కాగితం పోయింది. అందుకే విడిగా ఎవరో ఒకరు 'నేను రాసుకుంటా' అని కూర్చోవాల్సి వచ్చింది.

రాసుకుంటే ఏమవుతుందో మా నెల్లూరు తీరంలోనే ఒక పెద్ద కథ ఉంది. సంగం నుంచి వంద కిలోమీటర్లు దాటి తూర్పు దక్షిణంగా పోతే శ్రీహరికోట. ఇప్పుడు తిరుపతి జిల్లా అంటున్నారు, 2022 దాకా నెల్లూరు జిల్లానే. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి మొదటి ఎస్ఎల్‌వీ-3 లేచింది. 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు, నాలుగు దశలు. మొదటి దశ బాగానే నడిచింది. రెండో దశలో రాకెట్ అదుపు తప్పింది. 317 సెకన్లకి కథ ముగిసి బంగాళాఖాతంలో పడింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రాకెట్ సముద్రంలో ఉంది. బైక్ పాడైతే మెకానిక్ విప్పి చూస్తాడు. ఇక్కడ విప్పడానికి ఏముంది? మిగిలింది అది పైకి పోతూ చెప్పిన మాటలే. టెలిమెట్రీ అంటే అదే: లోపలున్న సెన్సర్ల రీడింగులని వంతులవారీగా వరసలో పెట్టి, రేడియోలో కిందికి పంపడం. కింద దాన్ని టేపు మీద పట్టుకుంటారు, పక్కనే టైము కూడా రికార్డ్ చేస్తారు. వైరు లేదు గానీ సూత్రం మా కాటాదే. ఒక ముక్క తర్వాత ఒక ముక్క.

తర్వాత సమీక్షలో తేలింది ఇది. రెండో దశని అదుపు చేసే వ్యవస్థలో నైట్రిక్ యాసిడ్ వాడతారు. ఆ యాసిడ్ దారిలో ఒక వాల్వు, చెత్త అడ్డుపడి, మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోయింది. రాకెట్ ఇంకా నేల మీద ఉండగానే యాసిడ్ కారిపోయింది. రెండో దశ అంటుకున్నప్పుడు దాన్ని తిప్పడానికి ఏమీ మిగల్లేదు. ఇందులో నన్ను కుదిపిన ముక్క ఇంకొకటుంది. కలాం గారు తర్వాత చాలా సభల్లో తనే చెప్పారు: ఆఖరి క్షణాల్లో కంప్యూటర్ ఆపమంది, నిపుణులు ఫరవాలేదన్నారు, ఆయన కంప్యూటర్ మాటని పక్కనపెట్టి ముందుకెళ్లారు. అంటే మెషీన్ చెప్పింది, మనుషులు విన్నారు కూడా, నమ్మలేదు.

అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ ఆ రోజు విలేకరుల ముందుకి తనే వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 1980 జూలై 18న, అదే శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ ఉపగ్రహం బరువు 35 కిలోలు. మా కాటా మీద పెడితే దాన్ని పెద్దగా పట్టించుకోదు. (నవ్వు)

సరే, రాకెట్ దిగి కాటా ఎక్కుదాం.

లారీ నిలబడే ప్లాట్‌ఫారం కింద లోడ్ సెల్స్ ఉంటాయి, గట్టి ఇనప దిమ్మెలు. బరువు పడితే అవి కంటికి కనపడనంత వంగుతాయి, ఆ వంపు కరెంటు తేడాగా మారుతుంది. కాటా రూములో ఎర్ర అంకెల డబ్బా దాన్ని కిలోలుగా మార్చి, సెకనుకి దాదాపు పదిసార్లు సీరియల్ వైరులో అరుస్తూ ఉంటుంది. లారీ ఉన్నా లేకపోయినా అరుస్తుంది. కంప్యూటర్‌లోని కాటా సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ వదిలేసి, ఆపరేటర్ బటన్ నొక్కిన క్షణంలో వచ్చిన ఒక్క అంకెని మాత్రం పట్టుకుంటుంది. ఖాళీ బండికి ఒకసారి, లోడు బండికి ఒకసారి. స్లిప్పు మీద పడేవి ఆ రెండూ, వాటి తేడా. రైతు చేతికి వచ్చేది ఆ తేడానే.

నేను వినాలంటే ఒక అడ్డంకి ఉంది. విండోస్‌లో ఒక సీరియల్ పోర్టుని ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకుంటే ఇంకొకదానికి ఇవ్వదు. అందుకని వైరులోనే పాయ తీశాను. కాటా నుంచి కంప్యూటర్‌కి డేటా వచ్చే రెండో పిన్ను, గ్రౌండ్ ఉండే ఐదో పిన్ను, ఆ రెంటికీ మాత్రం చిన్న వైర్లు కలిపి, 300 రూపాయల యూఎస్‌బీ కన్వర్టర్‌తో నా లాప్‌టాప్‌కి తెచ్చుకున్నా. పంపే దారం కలపనే లేదు. అంటే నేను వినగలను, నోరు విప్పలేను. మామకి ఈ ముక్క మూడుసార్లు చెప్పాక గానీ వైరు ముట్టుకోనివ్వలేదు. "సీలు మీద చెయ్యి పడిందంటే నా కాటా మూసుకోవాల్సిందేరా అబ్బయా" అన్నాడు. నిజమే. తూనికలు కొలతల శాఖ వాళ్లు ఏడాదికోసారి వచ్చి పరీక్ష చేసి ముద్ర వేస్తారు. డబ్బా లోపలికి ఎవరూ పోకూడదు. నేను పోలేదు, బయటి వైరు దగ్గరే ఆగాను.

మొదట 9600 వేగం పెట్టి చూశా. తెర మీద చెత్త. దెయ్యం పట్టినట్టు అడ్డదిడ్డమైన గుర్తులు. వేగం కలవకపోతే అంతే, అతను నెమ్మదిగా చెప్తుంటే నేను కంగారుగా వింటున్నానన్నమాట. 4800, అదీ చెత్తే. 2400 పెట్టగానే, ఒక్కసారిగా, నిలువుగా వరసలు: 0, 0, 0, 0. ఖాళీ కాటా. ఇంతలో కుక్క ఒకటి ప్లాట్‌ఫారం మీదికి ఎక్కింది. 20, 20, 20. కుక్క దిగింది. 0. నిజం చెప్పొద్దూ, ఉద్యోగంలో పెద్ద పెద్ద సిస్టమ్స్ లైవ్‌కి పెట్టినప్పుడు కూడా నాకు ఇంత సంతోషం కలగలేదు.

నేను వాడిన సాఫ్ట్‌వేర్ పేరు పుట్టీ. సైమన్ టాథమ్ అనే ఇంగ్లండ్ ప్రోగ్రామర్ చేసింది, ఫ్రీ. 2007 నుంచి అందులో సీరియల్ పోర్టు కూడా తెరవొచ్చు. మామ తెర మీద పేరు చదివి, "పుట్టి తూకానికి పుట్టి అని వాళ్లే పేరు పెట్టుకున్నారా?" అన్నాడు. లేదు మామా, మనకే కలిసొచ్చింది. లాగ్ అవుతోంది అన్నాను. "ఏం లాగుతావుండావు?" అన్నాడు. దానికి జవాబు చెప్పలేదు.

అయితే పుట్టీ లాగ్‌లో ఒక లోపం ఉంది. వచ్చిన అక్షరాలు రాస్తుంది గానీ ఏ వరస ఎప్పుడు వచ్చిందో రాయదు. టైము లేని లాగ్ అంటే తేదీ లేని ప్రామిసరీ నోటే. అందుకని రాత్రి కూర్చుని పైథాన్‌లో పది లైన్లు రాశా. ఒక వరస రాగానే దాని ముందు గంట, నిమిషం, సెకను వేసి ఫైల్లో పెడుతుంది. రోజుకి 14 ఎంబీ లోపే. మీ ఫోన్లో ఒక నిమిషం వీడియో కంటే చిన్నది, అందులో కాటా రోజంతా పలికిన ప్రతి మాటా ఉంటుంది. వీడియో కోసమని అలా నాలుగు రోజులు వదిలేశా.

మూడో రోజు సాయంత్రం ఒక పెద్దాయన స్లిప్పు పట్టుకుని వచ్చాడు. పంచె మోకాళ్ల దాకా, కాళ్లకి ఇంకా బురద. అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"అబ్బోడా, నాది పన్నెండున్నర పుట్లు దాటాల. గోతాలు నేనే ఎంచినా. ఈడ తక్కవ పడింది. నలభై ఏండ్లుగా కోస్తా ఉండా, నా వడ్లు నాకు తెల్దా?"

స్లిప్పు చూశాం. ఖాళీ బండి 5,880. లోడు బండి 16,450. తేడా 10,570 కిలోలు, అంటే పన్నెండున్నరకి కొంచెం తక్కువ. లెక్కలో తప్పు లేదు. మామ అదే చెప్పాడు: "పెద్దాయనా, కాటా అబద్ధం చెప్పదు." పెద్దాయన స్లిప్పు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అలవాటైన మడత అది. ఇంతకుముందు ఎన్ని స్లిప్పులు అలా మడిచాడో.

నేను ఊరికే ఉండలేక ఫైల్ తెరిచా.

పొద్దున 6 గంటల 41 నిమిషాలు. వ్యాపారి పంపిన ఖాళీ లారీ ఎక్కింది. అంకెలు ఊగి ఊగి 5,880 దగ్గర నిలబడ్డాయి. స్లిప్పు మీద ఉన్న టైమూ అదే. అక్కడితో స్లిప్పు కథ అయిపోతుంది. లాగ్‌లో అవ్వలేదు. లారీ ఇంకా కాటా మీదే ఉంది. పన్నెండు సెకన్ల తర్వాత 5,810. ఇంకో నాలుగు సెకన్లకి 5,750. అక్కడ అర నిమిషం నిలబడింది. తర్వాత లారీ కదిలి అంకెలు సున్నాకి పడిపోయాయి.

మామ తెరకేసి చాలాసేపు చూశాడు. ఆయనకి నాకంటే ముందే అర్థమైంది. ఖాళీ బండి తూచేటప్పుడు క్యాబిన్‌లో ఇద్దరు హమాలీలున్నారు. స్లిప్పు పడ్డాక, కాటా పక్కనున్న టీ బంకు కోసం, ఒకరి తర్వాత ఒకరు దిగారు. ఒకతను 70, ఇంకొకతను 60. సాయంత్రం లోడుతో వచ్చినప్పుడు వాళ్లు బండిలో లేరు. ఖాళీ బండి బరువులో ఇద్దరు మనుషులు కలిశారు, లోడు బండిలో కలవలేదు. తేడాలోంచి 130 కిలోలు పోయాయి. ఆ 130 కలిపితే 10,700. పన్నెండున్నర పుట్లు దాటి, ఇంకా కాస్త ఎక్కువ. పెద్దాయన గోతాల లెక్క కరెక్టే.

2024–25కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర, ఏ గ్రేడు ధాన్యానికి క్వింటా 2,320 రూపాయలు. ఆ లెక్కన 130 కిలోలంటే 3,016 రూపాయలు. సిటీలో ఒక డిన్నర్ బిల్లు అనుకోవచ్చు. కోత మిషన్‌కి గంట లెక్కన డబ్బులు కట్టిన మనిషికి అలా కాదు.

కావాలని చేశారా? నాకు అలా అనిపించలేదు. టీ తాగడానికి దిగారు, అంతే. కాటా అబద్ధం చెప్పలేదు, సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు, మామ మోసం చేయలేదు. రెండు క్షణాలు మాత్రమే రాసుకుని, మధ్యలోవన్నీ వదిలేశాం.

ఆ రాత్రి మామ అడిగిన మాట నాకింకా గుర్తుంది. "ఈ ఫైలు ఇంకెవరికన్నా చూపించినావా?" గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఒక్క లారీకి ఇలా అయితే, ఇన్నేళ్లలో ఎన్ని లారీలు? రేపు ఊళ్లో అందరూ పాత స్లిప్పులు పట్టుకొస్తే? మామ కాటాకి తూచినందుకు డబ్బులు వస్తాయి, ధాన్యం అమ్మకంలో ఆయన వాటా ఏమీ లేదు. అయినా నమ్మకం పోతే కాటా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మా అమ్మమ్మ ఇలాంటిదే ఇంకొకటి చెప్పేది. వాళ్ల చిన్నప్పుడు ఊళ్లో భూమి లెక్క కరణం పుస్తకంలో ఉండేది. మీ గట్టు ఎక్కడిదాకా అంటే మీరు చెప్పింది కాదు, పుస్తకంలో ఉన్నది. పుస్తకం మంచిదే, కరణాల్లో మంచివాళ్లూ ఉండేవాళ్లు. కానీ అది వాళ్ల ఇంట్లో ఉండేది, చూడాలంటే వాళ్ల అరుగు మీద నిలబడాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు మునసబుల పదవుల్ని రద్దు చేసింది 1984లో. ఐబీఎం తొమ్మిది పిన్నుల పోర్టు తెచ్చిన ఏడాదే. రెండిటికీ ఏ సంబంధమూ లేదు, ఊరికే కాకతాళీయం. కానీ ఆ రాత్రి లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఫైల్ నా దగ్గరే ఉంది, అరుగు మీద నిలబడ్డది పెద్దాయన అనిపించింది. కరణాన్ని నేనే అయ్యాను.

పొద్దున్నే మామకి చెప్పాను, పెద్దాయనకి చూపిద్దామని. వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. షర్ట్ వేసుకుని బండి తీశాడు.

పెద్దాయన తెర మీద అంకెల్ని పట్టించుకోలేదు. "ఇద్దురు దిగినారా?" అని మాత్రం అడిగి, తల ఊపాడు. మామ వ్యాపారికి ఫోన్ కలిపాడు. అవతల నుంచి మొదటి ప్రశ్న: "స్లిప్పు ఉండాదా?" స్లిప్పు కాదు, ఫైలు. "ఫైలుకి సీలుందా?" లేదు. నాకు దీనికి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. సీలున్నది డబ్బాకి, స్లిప్పు వచ్చింది అందులోంచి. నా పది లైన్ల పైథాన్‌కి ఏ శాఖ ముద్రా లేదు. నేను ఇంట్లో కూర్చుని 5,750ని 5,650గా మార్చి చూపించినా కనిపెట్టేవాళ్లు లేరు. ఆయన అడిగింది న్యాయమే. కాకపోతే ఆ న్యాయం 130 కిలోల అవతలి వైపు నిలబడి అడిగాడు.

మామే ఒక మాటన్నాడు. "ఫైలు నమ్మొద్దుగాని, నీ హమాలీలని అడుగు, టీ యాడ తాగినారో." ఫోన్లో కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మామ ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. లెక్క సర్దారని తెలుసు, ఎంత సర్దారో నాకు చెప్పలేదు. పెద్దాయన రెండో లారీ మర్నాడు వచ్చింది. ఖాళీ బండి తూచేటప్పుడు ఆయనే వచ్చి కాటా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హమాలీలు ముందే దిగి బంకు దగ్గరికి వెళ్లిపోయారు. అదే లారీ. 5,750.

నేను వెళ్లేటప్పుడు ఆ పాయ వైరు పీకేస్తానన్నాను. మామ మాట్లాడలేదు. లాప్‌టాప్ తీసుకెళ్లాలి కదా, అందుకని ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డు నల్ల డబ్బాలో పెట్టి, బల్ల కింద ఉంచి వచ్చా. ఇష్టం లేకపోతే ప్లగ్గు తీసేయి మామా, కాటాకేం కాదు అని చెప్పా.

ఈ ఎపిసోడ్ ఎడిట్ చేస్తుంటే నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది.

"అబ్బయా, కరెంటు పోయి వచ్చింది. నీ నల్ల డబ్బాలో లైటు ఎలగడంల్యా. ఏ వైరు పీకాల?"

"పీకాలా మామా?"

"పీకి మళ్లా పెట్టాలిరా. ఆరు లారీలు లైన్లో ఉండాయి, బిన్నా చెప్పు."